కొక్కేనికి పెట్టిన బొట్టు

ధర్మవరంలో మా పుట్టింటి మిద్దెకు ఒక ఇనుప కొక్కెం ఉండేది. మా నాయన పెళ్లికి ముందే వేపమాను దూలంలోకి తన చేతులతో దిగ్గొట్టిన కొక్కెం. దాని కింద గుంత మగ్గం, మగ్గం మీద చీర అంచుల్లో పూలు తేల్చే జాకార్డు పెట్టె. ఇద్దరు మగవాళ్లు పట్టినా సులువుగా లేవని బరువు. "దాన్ని మోసేది ఆ కొక్కెమే" అన్న మాట మా ఇంట్లో నేనూ తమ్ముడూ అక్షరాలు రాకముందే నేర్చుకున్నాం. ఆయుధపూజ నాడు మగ్గానికి పూజయ్యాక నాయన స్టూలెక్కి కొక్కేనికి కుంకుమ బొట్టు పెట్టేవాడు. మాకు కొత్తబట్టలు మరిచిన పండగలున్నాయి గానీ, దానికి బొట్టు మరిచిన పండగ లేదు.

నాయన చూపు మందగించాక తమ్ముడు మగ్గంలో కూర్చున్నాడు. మంచి నేతగాడు. తెగిన పట్టుపోగుకు వాడు ముడి వేస్తే ముడి యాడుందో వెతుక్కోవాల్సిందే. కానీ మరమగ్గాల చీరల ముందు వాడి చీర నిలబడలేదు. చివరికి మగ్గం విప్పేశాడు. గుంత పూడ్చి, గచ్చు చేయించి, అదే గదిలో రంగు చేపల అంగడి పెట్టాడు. మగ్గం నాలుగు మూలలా నిలబెట్టిన కొయ్య గుంజలు అమ్మ నీళ్లపొయ్యిలోకి పోయాయి. కొక్కెం మాత్రం మిద్దెకే ఉండిపోయింది.

"కొన్నాళ్లు చూస్తాక్కా. జరక్కపోతే ఎవురింట్లోనన్నా కూలి మగ్గానికి పోతా. చేతిలో పని యాడికి పోతాది?" అన్నాడు నాతో. ఆ ధైర్యం మీదే వాడి పెళ్లాం బిడ్డలు నిద్రపోయేవాళ్లు.

అంగడి ముందర మంచమంత అద్దాల తొట్టి పెట్టి, లోపల మొక్కలు పెంచాలని వాడి ఆశ. ఆ మొక్కలకు గట్టి వెలుతురు కావాలట. దీపాలు నీళ్లకు పైన, చెయ్యి పెట్టేంత ఎడంతో వేలాడాలట. వాటికి ఇనుప చట్రం హిందూపురంలో మా అత్తగారింటి పక్క వెల్డింగు షాపులో చేయించాడు. లగేజీ ఆటోలో వేసుకుని పోతుంటే నేనూ ఎక్కాను. పెనుకొండలో టీకి ఆగినప్పుడు, బెంచీ మీద ఒలికిన టీతోనే వేలు తడిపి బొమ్మ గీశాడు.

"నీళ్ల మీద బరువు కట్టేటప్పుడు ఒక్కదాన్నే నమ్మగూడదక్కా. ఆ కొసకొక గొలుసు, ఈ కొసకొక గొలుసు, దేని బోల్టు దానికే. ఒకటి ఊడినా ఇంగొకటి పట్టుకోవల్ల. మిద్దె బండలకు బొక్కేసి, పైన ఇనప పలక పెట్టి నట్లు బిగిస్తా."

ఇంటికొచ్చి డ్రిల్లింగు మిషను బయటికి తీశాడో లేదో, నాయన లేచాడు.

"ఏమిరా, మిద్దెకు బొక్కేస్తావా? అంత పెద్ద జాకార్డును మోసింది, నీ దీపాలను మోయలేదా? కొక్కెం ఏం పాపం చేసిండాది?"

"అది పాతబడిపోయుండాది నాయనా" అన్నాను నేను.

"నువ్వు నేసినావా?" అన్నాడు. నా నోరు పుట్టింట్లో అలా మూతబడడం కొత్తేమీ కాదు. ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? తమ్ముడు మిషను పక్కన పెట్టేశాడు. అయినా వాడు గుడ్డిగా నమ్మలేదు. చట్రం కన్నా బరువైన శనక్కాయల మూటను పొద్దంతా ఆ కొక్కేనికి వేలాడదీశాడు. అది కదల్లేదు. నాయన మీసం కింద నవ్వుకున్నాడు. గొలుసులు రెండూ ఆ ఒక్క కొక్కేనికే చేరాయి. ఒక్క పట్టుదల మాత్రం తమ్ముడు వదల్లేదు, కరెంటు లీకైతే టక్కున ఆగిపోయే ట్రిప్పర్ పెట్టించాడు.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తొట్టి నీళ్ల ఆవిరి పైకి లేస్తూనే ఉంది, దూలం దాన్ని పీల్చుకుంటూనే ఉంది. వానలు పట్టాయి. ఒక పొద్దున తమ్ముడు ఊడిన మొక్కను నాటుదామని కుడిచెయ్యి మోచేతి దాకా నీళ్లలో పెట్టాడు. కొక్కెం దూలంలోంచి ఊడొచ్చింది. చట్రం తొట్టి అంచు మీద పడి అద్దం పగిలింది. ట్రిప్పర్ పని చేసింది, కరెంటు వాణ్ని చంపలేదు. అద్దం మాత్రం వదల్లేదు. మణికట్టు లోపలి పక్క ఎముక దాకా దిగింది.

నేను హిందూపురం నుంచి ఆసుపత్రికి చేరేసరికి కుట్లు వేసేశారు. నరం తెగింది, కుట్టాం అన్నాడు డాక్టరు. బొటనవేలికీ, పక్కన రెండు వేళ్లకీ స్పర్శ లేదన్నాడు. "పోగు ముడి వేయగలనా సార్?" అని తమ్ముడు అడిగాడు. "చూద్దాం" అన్నాడాయన. ఆ మాటకు అర్థం మాకిద్దరికీ తెలుసు.

వరండాలో నాయన గోడకానుకుని కూర్చునున్నాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

"బరువు కొక్కెం మీద యాడుండె పాపా? గుంజల మీద ఉండె. పెట్టె ఊగకుండా కొక్కేనికి ఒక తాడు కట్టింటిని, అంతే."

"ఇప్పుడా చెప్పేది?" అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు.

"మరిచిపోయినా. ఇన్నేండ్లూ బొట్టు దానికే పెడితిని. మోసింది అదేననుకుంటిని."

ఆయన్ను కొట్టాలనిపించింది. నిజం చెబుతున్నాను, అంత కోపం వచ్చింది. మగ్గం విప్పిన తమ్ముడికీ అది తట్టలేదు, చిన్నప్పటి నుంచి విన్న మాట అదే మరి. ఆ గుంజలకు మా ఇంట్లో ఎవ్వరూ ఒక్కనాడు పసుపు రాసిన పాపాన పోలేదు. చివరికి వాటితో కాచిన నీళ్లే ఆయన పోసుకున్నాడు.

ఆయుధపూజ వచ్చింది. దూలంలో కొక్కెం ఉన్నచోట బొక్క ఒకటి మిగిలింది. అంగట్లో చిన్న తొట్లు నాలుగున్నాయి, వాటి మీద దీపాలు ఇప్పుడు నేల మీద నిలబడే ఇనుప కాళ్ల మీద ఉన్నాయి. అమ్మ కుంకుమ పళ్లెం తెచ్చింది. నాయన స్టూలు అడగలేదు. తమ్ముడి పక్కన కూర్చుని, వాడి కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ మూడు వేళ్ల కొసలకూ మెల్లగా, ఒక్కొక్కదానికే బొట్టు పెట్టాడు. తమ్ముడు మొహం తిప్పుకుని తొట్టి వైపు చూస్తున్నాడు.

అంతా అయిపోయి చాలాసేపైనాక, అటు తిరిగే అడిగాడు. "పెట్టినావా నాయనా?"