అక్క తెలుగులో చెప్పిన సీరియల్

నా చిన్నప్పటి ఆదివారాలు చాలావరకు తెనాలిలో మేడింటి మామ్మగారి హాల్లో, చాప మీద గడిచాయి. ఎనభైల చివరి రోజులవి. మా వీధి మొత్తానికి టీవీ వాళ్ళింట్లోనే ఉండేది. చెక్కపెట్టెలో పెట్టి, దానికి పక్కలకు జరిపే తలుపులు పెట్టించి, పైన దారాలతో అల్లిన గుడ్డ కప్పి ఉంచేవారు. పొద్దున పురాణం సీరియల్ వేళకి మామ్మగారే స్వయంగా ఆ తలుపులు తెరిచి, టీవీకి కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగించేవారు. వీధిలో ఆడా మగా పిల్లా జెల్లా తలంట్లు పోసుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. మాటలన్నీ హిందీలో ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పురాణంలో ఎవరు ఎవరితో ఏమంటారో పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటున్నదే కదా.

అది అయిపోగానే మగవాళ్ళు పంచెలు దులుపుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కాసేపటికి కుటుంబం సీరియల్ మొదలయ్యేది. తాగి వచ్చి కొట్టే మొగుడు, ఆ దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేసిన ఒక అమ్మాయి, ఆ అమ్మాయిని తిరిగి పంపెయ్యాలని చూసే బంధువులు. వారానికి కొంచెం కొంచెంగా నడిచే ఈ కథ ఎవరికీ ముందు తెలిసింది కాదు. అందుకని అక్కడ మా పక్కింటి అక్క కావలసి వచ్చేది.

పెళ్ళయ్యాక అక్క మొగుడితో నాగపూర్‌లో కాపురం ఉంది. అతను అక్కడ ఒక మిల్లులో పనిచేసేవాడు. అత్తవారిది రేపల్లె. ఒక వానాకాలం పెట్టె పట్టుకుని ఒక్కతే రైలు దిగి వచ్చేసింది. ఎందుకొచ్చిందో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. సాయంత్రాలు అక్క నాకు వాళ్ళ అరుగు మీద హిందీ పాఠాలు చెప్పేది. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపడానికి వచ్చేది కాదు. విరిగిన ఎముక వంకరగా అతుక్కుందట. మెట్ల మీదనుంచి పడిందని వాళ్ళమ్మ అందరితో చెప్పేది. ఎలా పడ్డావక్కా అని నేనొకసారి అడిగాను. "నేను పడలేదే పాపా," అని, పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పింది.

సీరియల్ వచ్చేటప్పుడు అక్క టీవీ పక్కన, మా వైపు తిరిగి కూర్చునేది. బొమ్మ చూసేది కాదు. మాటలు చెవితో వింటూ, వెంటనే మాకు తెలుగులో చెప్పేది. ఏదో పొడిపొడిగా చెప్పడం కాదు. సీరియల్లో అత్త మాట్లాడితే అక్క గొంతులోకి మా వీధి అత్తలందరూ వచ్చేవాళ్ళు. వదిన ఎత్తిపొడిస్తే ఆ ఎత్తిపొడుపు అచ్చం మా చెరువు వీధి కుళాయి దగ్గర విన్నట్టే ఉండేది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు, ఆ వెంటనే కొంగులు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ రోజుల్లో అక్కంటే అందరికీ ఎంతో ఇష్టం. పొరపాటున ఆలస్యమైతే మామ్మగారు మనిషిని పంపించేవారు.

ఎవరికి ఏం చూడటం ఇష్టమో ఆ హాల్లో కూర్చుంటే తెలిసిపోయేది. మా నాన్నకి దొంగల్ని పట్టుకునే సీరియల్ ఇష్టం. దొంగ ఎవరో సగంలోనే చెప్పేసి, అది తప్పయితే సీరియల్ తీసినవాడికి బుర్ర లేదనేవాడు. మా అమ్మకి పాత పాటల కార్యక్రమం. మామ్మగారికి మాత్రం కోడళ్ళు ఏడ్చే సీరియళ్ళు ప్రాణం. ఆవిడ సొంత కోడలు ఆ టైములో వంటింట్లో అందరికీ కాఫీలు కలుపుతూ ఉండేది. సీరియల్ అయ్యేదాకా ఆ పిల్లని బయటికి పిలిచినవాళ్ళు లేరు. మామ్మగారు తెరమీది కోడలి కోసం వెక్కివెక్కి ఏడ్చి, ఆ గొంతుతోనే వంటింటి వైపు తిరిగి, కాఫీ చల్లారిపోయిందని కేకలేసేవారు. చిన్నదాన్ని కాబట్టి అందులో వింతేమీ నాకు తోచేది కాదు.

ఒక ఆదివారం పొద్దుటి బండికి రేపల్లెనుంచి అక్క అత్తగారూ, బావగారూ దిగారు. మొగుడు రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి, అక్కని తీసుకుపోయే సంగతి తేల్చుకోవాలని వచ్చారు. వచ్చిన మనిషికి కాలక్షేపం కావాలి కదా అని అక్క వాళ్ళమ్మ అత్తగారిని కూడా మామ్మగారింటికి తీసుకొచ్చింది. ఆవిడకి కుర్చీ వేశారు. అక్క ఎప్పటిలా టీవీ పక్కన కూర్చుంది.

ఆ వారం కథ ముడిపడే చోటికి వచ్చింది. బంధువులంతా చుట్టూ చేరి ఆ అమ్మాయిని ఏం చేస్తావని అడుగుతున్నారు. ఆ అమ్మాయి చాలాసేపు తల దించుకుని ఉండి, తర్వాత ఏడుస్తూ ఏదో చెప్పింది. పెట్టె తీసుకుని గుమ్మం దాటింది. అక్కడికి ఆ వారానిది ఆగిపోయింది.

అక్క తెలుగులో ఇలా చెప్పింది. "నేను వెనక్కి వెళ్ళను. అక్కడ నా ఒంటికి దెబ్బలే గాని తిండి కూడా సరిగ్గా లేదు. మీకు బరువైతే మీ ఇంట్లోనూ ఉండను. ఎక్కడైనా పని చూసుకుని నా బతుకు నేను బతుకుతాను."

హాలంతా కదిలిపోయింది. మామ్మగారు ముక్కు చీదుకుని, "శభాష్ తల్లీ, ఇన్నాళ్ళకి నోరు తెరిచావు," అన్నారు. మిగతావాళ్ళూ తలా ఒక మాట అన్నారు. రేపల్లె అత్తగారు కుర్చీలో ముందుకు వంగి, "బాగా చెప్పింది. అట్టాంటోడి దగ్గరికి ఎందుకెళ్ళాలి? ఆ తల్లి ఎట్టా పెంచిందో వాణ్ణి," అంది. అక్క ఆవిడ వైపు ఒకసారి చూసి, లేచి టీవీ తలుపులు మూసింది.

నాకు మాత్రం మనసులో ఏదో తేడా కొట్టింది. నాకొచ్చిన హిందీ అంతంత మాత్రమే. కానీ వెళ్ళను అనాలంటే 'నహీ' అనాలని అక్కే నేర్పింది. ఆ అమ్మాయి నోట ఆ మాట నేను వినలేదు. 'వాపస్ జావూంగీ' అని రెండుసార్లు అంది. అంటే తిరిగి వెళతాననే. ఇంటికి వచ్చేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని అడిగాను.

"అవునే, వెళతాననే అంది," అని అక్క ఒప్పుకుంది. "ఆ పెట్టె పట్టుకెళ్ళేది మొగుడి దగ్గరికే."

"మరి అలా చెప్పావేంటక్కా?"

"వెళ్ళనని చెబితే వీళ్ళు ఏమంటారో విందామని. విన్నావుగా. ఒక్కళ్ళు కూడా తప్పనలేదు." అక్క మొహం ఆ నిమిషంలో ఎంత తేటగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. మధ్యాహ్నం వాళ్ళంతా తన వైపు ఉంటారని ఆమె నిజంగానే నమ్మింది.

భోజనాలయ్యాక అక్క వాళ్ళ వరండాలో మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. పొద్దున సీరియల్ చూసిన ఆడవాళ్ళంతా లోపలి గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను మా అమ్మ పక్కన ఉన్నాను. బావగారు నెమ్మదైన మనిషి. మగాడన్నాక కోపం ఉంటుందనీ, తమ్ముడు ఇప్పుడు మారాడనీ, ఇక తనది పూచీ అనీ చెప్పాడు. అక్క వాళ్ళ నాన్న నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఎవరో అక్కని అడిగారు.

"నేను వెళ్ళనండి," అంది అక్క. "ఇక్కడే ఉంటాను. స్కూల్లో హిందీ చెప్పడానికి రమ్మన్నారు. ఎవరికీ బరువు కాను." తర్వాత చీర కొంగు తీసి వంకర చెయ్యి ముందుకు చాపింది. అది చాపినంత వరకే వచ్చింది. "ఇది మెట్ల మీద పడి విరిగింది కాదండి. మీకందరికీ తెలుసు."

అక్క గుమ్మం వైపు తిరిగింది. "మామ్మగారూ, పొద్దున మీరేమన్నారో ఆ ఒక్క మాట ఇక్కడ కూడా అనండి. అత్తయ్యా, మీరు కూడా అన్నారు."

అత్తగారి మొహం ఎర్రబడింది. "ఆ తాగుబోతోణ్ణీ నా కొడుకునీ ఒక గాటన కడతావా?" అంది. మామ్మగారు మాత్రం కోప్పడలేదు. ఎంతో ప్రేమగా దగ్గరికి వచ్చి అక్క తల నిమిరారు. "అది బొమ్మల్లో కథే పిచ్చితల్లీ. ఆ బొమ్మకి పెళ్ళి కావలసిన చెల్లెలు లేదు. నీకుంది. సర్దుకుపోవాలమ్మా," అన్నారు.

మా అమ్మ ఏదో అనబోయింది. వరండాలోనుంచి మా నాన్న దగ్గాడు. అమ్మ నోరు మూసుకుని పైట సర్దుకుంది. మిగతావాళ్ళు ఆపాటి కూడా కదలలేదు. అక్క ఒక్కొక్కరి మొహం చూసింది. ఏడవలేదు. కొంగు మళ్ళీ భుజాన కప్పుకుని లోపలికి వెళ్ళి పెట్టె సర్దుకుంది. సాయంత్రం రేపల్లె బండికి తీసుకెళ్ళిపోయారు. స్టేషన్‌కి మేమూ వెళ్ళాం. కిటికీలోనుంచి నాతో, "పాఠాలు మానకు, భాష వస్తే ఎవరు ఏం చెప్పినా నువ్వే తేల్చుకోవచ్చు," అంది.

మరుసటి ఆదివారం హాలు మామూలుగానే నిండింది. పురాణం అయింది, మగవాళ్ళు వెళ్ళారు, కుటుంబం సీరియల్ వచ్చింది. తెర మీద ఆ అమ్మాయి మొగుడింట్లో, మొగుడికి వడ్డిస్తోంది.

"అదేంటి, వెళ్ళనంది కదా?" అన్నారెవరో. "పని చూసుకుంటానంది కదండీ?" అని ఇంకొకరు. కాసేపు గుసగుసలు పోయారు. అప్పుడు మామ్మగారికి నేను గుర్తొచ్చాను. "ఏమే, నువ్వు హిందీ చదువుతున్నావుగా, ఏం జరిగిందో చెప్పు," అన్నారు.

ఉన్నది చెప్పాను. ఆ అమ్మాయి పోయినవారమే తిరిగి వెళతానందనీ, వెళ్ళననే మాట అక్కదనీ. చెప్పాక హాల్లో ఎవరో ఒకరు అక్క కోసం అయ్యో అంటారనుకున్నాను. ఆ మాటలు ఎవరివో, ఎందుకు చెప్పిందో ఇప్పుడైనా తెలిసింది కదా.

మామ్మగారు బుగ్గన వేలేసుకున్నారు. "ఎంత మోసం చేసిందమ్మా," అన్నారు. "నమ్మి కూర్చుంటే కథంతా అబద్ధం చెప్పింది." అంతే, అందరూ అందుకున్నారు. ఇన్ని వారాలూ ఇంకేం మార్చి చెప్పిందో అన్నారు. అలా కథలల్లే పిల్లని మొగుడు కొట్టడంలో వింతేముంది అని కూడా ఒకావిడ అంది. సీరియల్ పాడయిందన్న కోపం వాళ్ళకి నిజంగా వచ్చింది. ముందు ఆదివారం వరండాలో ఆ చెయ్యి చూసినప్పుడు వాళ్ళ మొహాల్లో ఆ కోపంలో పిసరంత కూడా లేదు. మా అమ్మ నా రెక్క పట్టుకుని లేపి బయటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఆ ఇంటికి టీవీకి వెళ్ళలేదు, నన్నూ వెళ్ళనివ్వలేదు.

అక్కని మళ్ళీ చూసింది నేను బాపట్లలో కాలేజీ చదివేటప్పుడు, ఆమె చెల్లెలి పెళ్ళిలో. అప్పటికి కేబుల్ వచ్చేసింది. ప్రతి ఇంట్లోనూ టీవీ, సీరియళ్ళన్నీ తెలుగులోనే. అక్క ఒళ్ళు చిక్కి, జుట్టు ముందువైపు నెరిసి ఉంది. ఇద్దరు పిల్లలు. పందిట్లో పక్కన కూర్చుని ఏవేవో మాట్లాడాను. ఏం అడగాలో తెలియక, అక్కడ టీవీలో ఏం చూస్తావక్కా అన్నాను. కొంచెంసేపు ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆలోచించింది.

"ఆయన పెట్టింది చూస్తాను," అంది. పిల్లాడు పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, నేను బాపట్లలోనే ఉద్యోగంలో చేరాక, మా బంధువుల ఇంట్లో ఒక పిల్ల అలాగే పెట్టెతో తిరిగొచ్చింది. పెద్దలు కూర్చున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళంతా నాకు బాగా తెలిసినవాళ్ళే. సాయంత్రం అయ్యేసరికి పనులు ముగించుకుని టీవీ ముందు చేరి, ఒక దుఃఖం కూడా వదలకుండా ఏడ్చేవాళ్ళు. ఆ రోజు ఒక్కరూ పెదవి కదపలేదు. నేను వరండాలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పిల్ల వెళ్ళనంటోంది, ఆ మాట ముందు వినండి అన్నాను. ఆడపెత్తనం అన్నారు, నీకేం తెలుసన్నారు. సాయంత్రం దాకా లేవలేదు. ఆ పిల్ల వెళ్ళలేదు.

ఆ ఇంటివాళ్ళు ఇవాళ్టికీ నన్ను శుభకార్యాలకి పిలవరు. దానికి నాకు బాధ లేదు. కానీ టీవీ చూసి కళ్ళు తుడుచుకునే మనిషిని చూస్తే ఎంత మెత్తటి మనసో అనుకోవడం మాత్రం నావల్ల కాదు. తన గుమ్మం దగ్గర ఎవరైనా పెట్టెతో నిలబడిన రోజున ఆ మనిషి ఏం మాట్లాడుతుందో వినేదాకా ఆగుతాను.