మామగారి తడిరుమాలు

మామగారి దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. బట్టల రంగు దిగేవాళ్లు, దిగనివాళ్లు. ఎవరు ఏ రకమో తేల్చడానికి ఆయన జేబులో ఎప్పుడూ ఓ తెల్ల రుమాలు, కారు తలుపు అరలో ఓ నీళ్ల సీసా ఉంటాయి. ఎంతటివాడైనా సరే, ఆ కారెక్కాలంటే ముందు వెనక్కి తిరిగి నిలబడాలి. ఆయన రుమాలు తడిపి, ప్యాంటు మీద ఓ మూల గట్టిగా రుద్ది, వెలుతురులో పెట్టి చూస్తారు. రుమాలు తెల్లగా ఉంటే తలుపు తెరుస్తారు. లేకపోతే, "వెళ్లి మార్చుకురండి, నేనెక్కడికీ పోను" అని ఇంజను ఆపేసి కూర్చుంటారు.

దీనికంతటికీ కారణం ఆ కారులోని మీగడ రంగు తోలు సీట్లు. ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. పొద్దస్తమానం అద్దాలు తుడిచే చెయ్యి కదా, ఇంటికొచ్చాక ఊరికే ఉండలేక సీట్ల మీద పడిందని అత్తగారి అభిప్రాయం.

ఓసారి అత్తగారికి జ్వరం ముదిరితే డాక్టరును తీసుకురావడానికి వెళ్లారు. డాక్టరు పెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఎంతుందండీ జ్వరం?"

"అది తర్వాత చెబుతా. ముందు మీరు వెనక్కి తిరగండి."

డాక్టరు తిరిగాడు. పాపం, రుమాలు గోధుమరంగుకి వచ్చింది. డాక్టరు లోపలికెళ్లి ప్యాంటు మార్చుకుని వచ్చేసరికి ఇంట్లో అత్తగారి జ్వరం దానంతటదే తగ్గింది. స్నేహితుడైన వకీలుగారి నల్లకోటు అయితే ఎప్పుడూ సామాన్ల డిక్కీలోనే ప్రయాణం చేస్తుంది.

ఇలాంటి ఇంటికి కొత్తల్లుడు వచ్చాడు. ఆ అల్లుడు చేసే వ్యాపారం ఏమిటయ్యా అంటే, జీన్సు ప్యాంట్ల దుకాణం.

మొదటిసారి అందరూ కలిసి కారులో బంధువులింటికి బయలుదేరిన రోజున మామగారు అలవాటు కొద్దీ రుమాలు తడిపారు. అల్లుడు ముదురు నీలం కొత్త జీన్సులో మెరిసిపోతున్నాడు. భార్య, అత్తగారు, బావమరిది గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్లందరి ముందూ వెనక్కి తిరిగి నిలబడాలంటే అతనికి తల కొట్టేసినట్టయింది.

"మామయ్యగారూ, ఇది నేను అమ్మే బట్ట. ప్రాణం పోయినా దీని రంగు పోదు. పూచీ నాది."

మామగారు అతని ముఖం వైపు చూశారు, రుమాలు వైపు చూశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని జరిగింది. ఆయన రుమాలు పిండి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"మీరు అంతగా చెప్పాక ఇంకేముంది, ఎక్కండి అల్లుడుగారూ" అన్నారు.

అత్తగారు నోరు వెళ్లబెట్టింది. అల్లుడు మీసం సవరించుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. కారు దాకా పరుగెత్తేసరికి అల్లుడు నిలువునా తడిశాడు. ఇంటిదాకా ఆ తడి బట్టలతోనే కూర్చున్నాడు. గుమ్మం ముందు దిగుతూ యథాలాపంగా వెనక్కి చూశాడు. మీగడ రంగు మీద నీలంగా రెండు తొడల అచ్చు దిగింది. ఎవరూ చూడకముందే భార్య శాలువా తీసి దాని మీద కప్పి తలుపేశాడు.

భోజనాల దగ్గర అతను తలెత్తలేదు. మరక పడితే పడింది, అదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాడు. కానీ డాక్టరుకు దొరకని నమ్మకం, పాతికేళ్ల స్నేహితుడికి దొరకని నమ్మకం తనకు దొరికింది. దాన్ని సాయంత్రం దాకా కూడా నిలుపుకోలేకపోయాడు. సిగ్గుతో అతనికి ముద్ద దిగలేదు.

"ఏమైందండీ?" అంది భార్య.

"తలనొప్పి."

మామగారు ఒకసారి అటు చూసి, మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపారు.

తెల్లారగానే అల్లుడు మేకుకు వేలాడుతున్న కారు తాళాలు, భార్య గోళ్లరంగు తుడుచుకునే మందు సీసా పట్టుకుని పిల్లిలా బయటికి వచ్చాడు. దూదికి ఆ మందు పట్టించి ఎడమ తొడ మరక మీద కసిగా రుద్దాడు. నీలం పోయింది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త రుద్దాడు. దూది వైపు చూస్తే నీలంతో పాటు మీగడ రంగూ వచ్చేసింది. మరక ఉన్నచోట ఇప్పుడు అరచేయంత మేర బూడిదరంగు పచ్చితోలు బయటపడింది. సీటు తన రంగు తాను నిలుపుకుంటుందనుకున్నాడు గానీ, దాని రంగూ పైపూతేనని అతనికి తట్టనే లేదు.

"ఏంటా వాసన?"

వెనకాల మామగారు నిలబడి ఉన్నారు. అల్లుడు దూది కింద పెట్టాడు.

"నేనే, మామయ్యగారూ. మరకా నాదే, ఈ నిర్వాకమూ నాదే. నిన్న అంత గొప్పగా పూచీ ఇచ్చాను. మీ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు."

మామగారు వంగి సీటు చూశారు, సీసా చూశారు. "మరకతో పాటు తోలు కూడా ఒలిచేశావు కదయ్యా. ఉండు."

ఇన్నాళ్లూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసరికి తిట్టారో, దగ్గరికి తీసుకున్నారో అల్లుడికి అర్థం కాలేదు. ఆయన లోపలికెళ్లి గిన్నెలో సబ్బు నురగ, మెత్తటి బ్రష్షు, పాత తెల్లబట్ట తెచ్చారు.

"కుడివైపుది ఇంకా బతికే ఉంది. ఇలా పట్టుకో. నురగే తగలాలి, నీళ్లు కాదు. ముందు సీటు కింద ఎవరికీ కనపడనిచోట చూసుకో. నొక్కకు, ఊరికే గుండ్రంగా తిప్పు. బట్టకు నీలం అంటగానే మడత మార్చు. లేకపోతే తుడిచిందే మళ్లీ పూస్తున్నట్టు."

అల్లుడు తిప్పాడు. నీలం కొంచెం కొంచెంగా బట్టకు ఎక్కసాగింది.

"మీరంత ప్రాణంగా చూసుకునే సీటు..." అన్నాడు అల్లుడు.

"సీటుకేం రోగం? రంగు వేసేవాడి దగ్గర పెడితే మళ్లీ వేస్తాడు. మరక పడ్డాక మనిషి ముఖం ఉంటుంది చూడు, అది నేను చూడలేను. మన కారెక్కినందుకు ఓ మనిషి అన్నం మానేయడమేమిటయ్యా? అందుకే ముందే రుద్ది చూస్తాను. ముందైతే కాసేపు నన్ను తిట్టుకుంటారు, అంతే కదా. నిన్న నిన్నొక్కణ్ణి వదిలేశాను. రాత్రి నీ ముఖం చూశాక నాకూ సరిగ్గా నిద్రపట్టలేదు."

ఇంతలో గుమ్మంలోంచి అత్తగారు, ఆవిడ వెనకే కూతురు, కొడుకు వచ్చారు. అత్తగారు సీటు చూసింది.

"అయ్యో రాత, ఎవరిదీ ఘనకార్యం?"

"నాదే" అన్నారు మామగారు, అల్లుడు నోరు తెరిచేలోపే. "ఏదో కొత్త మందని రాశాను."

ఇంకేముంది, అత్తగారు కొంగు బిగించింది. "నా జ్వరం కన్నా సీటే ఎక్కువైంది కదా, ఇప్పుడు తెలిసొచ్చిందా? మా అక్కను వర్షంలో నిలబెట్టి చీర రుద్దారు. ఆ వకీలుగారు చలికి వణుకుతూ వస్తాడు, కోటేమో డిక్కీలో. ఊళ్లో వాళ్లందరి వెనకవైపులూ చూసింది చాలు, మీ చేతులు ఎవరు చూడాలి?" బావమరిది కూడా తన వంతు అందుకున్నాడు. మామగారు తలొంచుకుని, ఎంతో వినయంగా, అన్నీ వింటున్నారు.

అల్లుడు కాసేపు ఓర్చుకున్నాడు. తను తినాల్సిన తిట్లు ఆ పెద్దాయన తింటుంటే చూడలేకపోయాడు.

"అత్తయ్యగారూ, ఆయన కాదు. మరక చేసిందీ నేనే, పాడుచేసిందీ నేనే."

అత్తగారు కొంగు సర్దుకుంది. "పోనీలెండి బాబూ, అదేమైనా బంగారమా? తోలేగా. లోపలికి రండి, రాత్రి కూడా సరిగ్గా తినలేదు" అంది వెన్నలాంటి గొంతుతో.

మామగారు బ్రష్షు గిన్నెలో పడేసి అల్లుడి వైపు చూశారు.

"ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవచ్చు కదయ్యా. నువ్వు చేస్తే తోలేగా అంట. ఇంతసేపూ నేను తిన్న తిట్లన్నీ దండగే కదా" అన్నారు.