క్యాసెట్‌లో పడ్డ మిరపకాయలు

టేప్ రికార్డరున్న ఇంటికి చుట్టాల రాకపోకలు కాస్త ఎక్కువగా ఉండే రోజులవి. జగ్గయ్యపేటలో మా ఇంట్లో అది ఉండేది గానీ, నందిగామలో ఉండే మా పెద్దమ్మ కూతురికి దాని అవసరమే లేదు. ఆవిడే ఒక టేపు. అందుకే అందరూ ‘టేపక్క’ అనేవారు. నాకంటే మూడు నెలలు పెద్ద. బైబిల్లో ఎంత పొడుగాటి కీర్తనైనా రెండుసార్లు చదివి, మూడోసారి పుస్తకం మూసి ఒప్పజెప్పేసేది. మా అమ్మమ్మ మురిసిపోయి, “దాని బుర్ర దేవుడిచ్చిన బుర్రే!” అనేది. (మరి నాది సంతలో కొన్నారా అని అడగాలనిపించేది.) ఏటా కంఠత వాక్యాల పోటీలో గెలిచి, ఈస్టర్ ఆరాధనలో వేదికెక్కి వాక్యాలు చెప్పేది అదే. నేను కింద చాప మీద కూర్చుని, “ప్రభువా, అక్క ఒక్క వాక్యమన్నా మర్చిపోవాలి” అని ప్రార్థించేదాన్ని. అసూయ పాపమని తెలుసు కాబట్టి, చివర్లో “నీ చిత్తమైతేనే” అని కలిపేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సండే స్కూల్ చెప్పే అన్నయ్య ఒక ఆదివారం, “మన మెదడులో దేవుడు బోలెడు గదులు కట్టాడమ్మా. మనం తలుపు తీసేది ఒకటో రెండో. మనం నిద్రపోయినా లోపల ఒకళ్ళు మేలుకునే ఉంటారు” అన్నాడు. ఆయన చెప్పింది ఆత్మ గురించి. నేను పట్టుకున్నది మాత్రం నిద్రపోవచ్చనే మాట.

ఆ మధ్యాహ్నమే పోటీకిచ్చిన కీర్తనంతా చదివి క్యాసెట్‌లో రికార్డు చేశాను. మేఘాల గురించిన వాక్యం అయ్యీ అవగానే మా అమ్మ వంటింట్లోంచి, “ఒసేయ్, మబ్బేసిందే! డాబా మీద మిరపకాయలు ఎత్తవే మొద్దూ!” అని కేకేసింది. అదీ క్యాసెట్‌లో పడింది. మళ్ళీ మొదటినుంచి చదవడానికి బద్ధకమేసి, మెదడు మంచిదే వడగట్టుకుంటుందిలే అని వదిలేశాను. మూడు వారాలపాటు బడి నుంచి రాగానే ఆ క్యాసెట్ వేసి, టేప్ రికార్డరు తల దగ్గర పెట్టుకుని పడుకున్నాను. అమ్మ, “ఏంటే ఈ సందెనిద్ర?” అంటే, “చదువుకుంటన్నానమ్మా” అనేదాన్ని.

పోటీ నందిగామలో. టేపక్క ఎప్పట్లాగే తప్పు లేకుండా చెప్పి కూర్చుంది. నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. నిజంగానే లోపల ఏదో తలుపు తెరుచుకుంది! వాక్యాలు వాటంతటవే వచ్చేస్తున్నాయి. ఒక కన్ను తెరిచి చూస్తే, అమ్మమ్మ నోరు తెరుచుకుని వింటోంది. టేపక్క మొహంలో మొదటిసారి భయం. ఆ ఆనందంలో మేఘాల వాక్యం పూర్తిచేసి, అదే భక్తితో, అదే రాగంతో మైకులో అందుకున్నాను: “ఒసేయ్, మబ్బేసిందే! డాబా మీద మిరపకాయలు ఎత్తవే మొద్దూ!”

మందిరంలో వెనక వరసలో ఎవరో అలవాటుకొద్దీ “ఆమేన్” అన్నారు. మొదట నవ్వింది పాస్టరుగారే. ఆ ఈస్టర్‌కీ వేదిక టేపక్కదే. తిరుగు బస్సులో అమ్మ ఒకే ఒక్క మాటంది: “నిన్ను మొద్దూ అంటానని అంతమందిలో చెప్పాలా?”

ఇప్పుడు పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పేది నేనే. మొన్న టేపక్క ఫోన్ చేసి, “ఒసేయ్, నీ వల్ల ఆ కీర్తన పాడైపోయిందే! ఇన్నేళ్ళయినా మేఘాల దాకా వస్తే చాలు, తర్వాతి వాక్యం రాదు, పిన్ని మిరపకాయలే వస్తన్నాయి. నిన్న కుటుంబ ప్రార్థనలో నాలిక కరుచుకున్నా” అంది. “అయ్యో, అక్కా” అన్నాను. దేవుడిచ్చిన ఆ బుర్రలో ఒక గది నాదన్నమాట! ఫోను పెట్టేశాక, చాప మీద కూర్చుని వేడుకున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆలస్యంగానైనా దాని ప్రార్థన ఫలించినందుకు స్తోత్రం చెబుదామని మోకాళ్ళూని, అంతలోనే సిగ్గేసి లేచాను. (కాసేపాగి చెప్పాననుకోండి.)