సంత బావి దగ్గర సూదిమందు

మద్రాసులో హెల్త్ విజిటరు శిక్షణ ముగించి, ఇరవై రెండేళ్ల వయసులో మార్కాపురంలో ఉద్యోగంలో చేరాను. ఆ చుట్టుపక్కల బూట్లు వేసుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆ టకటక చప్పుడు నాకే ఎంత ముద్దుగా ఉండేదంటే, పనిలేకపోయినా ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని.

రైలు వచ్చాక మా వారపుసంత ఏటేటా పెరుగుతూ పోయింది. కృష్ణకు అవతల నైజాం రాజ్యం. అక్కడి వ్యాపారులు ఏరు దాటి, నల్లమల దారిన గొర్రెలను తోలుకొచ్చి అమ్మి, పోతూ పోతూ మా పలకలూ మిరపకాయలూ కొనుక్కుపోయేవారు. ఆ వేసవిలో అవతల కలరా పుట్టిందని కబురొచ్చింది. సంత మూసెయ్యమన్నారు కొందరు. మూస్తే మేమెట్ల బతకాలన్నారు గొర్రెలవాళ్లు.

మా డాక్టరుగారు నెమ్మదైన మనిషి, కోస్తా నుంచి వచ్చినవారు. బల్లమీద పటం పరిచి, ఎర్రసిరాతో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీశారు.

"సంత ఆగదు. ఇక్కడ వెదురు అడ్డకర్ర పెడదాం. వచ్చినవాళ్లందరికీ సూది వేసి లోపలికి పంపుదాం."

ఆ గీత చూసి నేను మురిసిపోయాను. కలరా పని అయిపోయిందనే అనుకున్నాను.

సంతరోజు పొద్దుటినుంచీ అడ్డకర్ర దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం దాకా ఇద్దరు సన్యాసులు తప్ప ఎవరూ రాలేదు. వాళ్లకే సూది వేశాం. తీరా సంతలోకి వెళ్లి చూస్తే కాలు పెట్టే చోటు లేదు!

మజ్జిగ అమ్ముతున్న గొర్రెలవాళ్ల ముసలామె ఒకామె నా మొహం చూసి పకపకా నవ్వింది.

"ఏంది కూతురా, రోడ్డుమీద ఆ కట్టె? దాన్ని చూసి అందరూ చేలల్లో పడి వచ్చినారు."

"మరి ఎట్ల ఆపాలి పెద్దమ్మా?"

"ఆపేదేంది? దినాల తరబడి నడిచిన గొర్రె యాడికి పోతాది? నీళ్లకాడికే గదా. గొర్రె యాడికి పోతే మనిషీ ఆడికే. ఇక్కడ మంచినీళ్ల బావి ఒకటే."

నేను ఒక్క పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఎర్రగీత కొట్టేసి, "ఆమెను పిలుచుకురా" అన్నారు. ముసలామెకు అక్షరం రాదు. కానీ ఏరు ఎటుందో, కొండ ఎటుందో చెప్పగానే, పటంలో లేని కాలిదారులన్నీ వేలితో గీసి చూపించింది. అన్నీ ఆ బావి దగ్గరే కలిశాయి.

మరుసటి సంతకు తెల్లవారకముందే బావిలో పర్మాంగనేటు కలిపాం. నీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. ఊరి ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకామె పాత చీర తెచ్చి, "దీనికి రంగు పట్టుద్దా అమ్మా?" అని అడిగింది. ఈలోగా మంద వచ్చింది. వెనకాలే గుబురుమీసాల నైజాం వ్యాపారి.

"నీళ్లల్ల ఏం గలిపిన్రు బిడ్డా?"

"పురుగు చచ్చే మందు పెదనాయనా. కలరా రాకుండా. సూది కూడా వేయించుకోవాలి."

"గత్తరకా? అయితే ముందుగాల మీ డాక్టరు ఏసుకోవాలె. అప్పుడు జూస్తం."

డాక్టరుగారి మొహం పాలిపోయింది. చొక్కా చెయ్యి పైకి మడుస్తూ నా చెవిలో, "నాకు సూదంటే చచ్చేంత భయం" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కుంటూ పొడిచాను.

"ఓరి నాయనోయ్!"

ఆ కేకకు మంద బెదిరింది. గొర్రెలు మా బల్ల కిందినుంచి, బల్ల మీదినుంచి, చీర ఆరేస్తున్న ఆడమనిషి మీదినుంచి పరుగులు తీశాయి. అందరం వాటి వెంటపడ్డాం, చొక్కా చెయ్యి ఒకటి మడిచిన డాక్టరుగారితో సహా. మంద దారికొచ్చేసరికి అందరికీ ఆయాసం, దాన్ని మించి నవ్వు.

వ్యాపారి కళ్లు తుడుచుకొని చెయ్యి చాపాడు. "గంత సదువుకున్నోడే అరిసిండు. ఇగ నాకు సిగ్గేంది?"

సూది దిగగానే ఆయనా గట్టిగా అరిచాడు. ఆ తర్వాత సూది వేయించుకోవడమంటే కేక పెట్టడమే అయిపోయింది. ఒకరిని మించి ఒకరు అరిచారు. అరవని ఒక కాపును, "ఏంది మామా, నొప్పి తెలీలేదా? ఇంకోటి పొడవమందామా?" అని ఆటపట్టించారు. సాయంత్రానికి మందు అయిపోయింది, నా గొంతూ పోయింది.

ఆ వేసవి మా సంతలో కలరా అడుగుపెట్టలేదు. గిద్దలూరు వైపు బావులు కూడా చూసి రమ్మని డాక్టరుగారు నన్నూ, దారులు తెలిసిన ఆ ముసలామెనూ రైలెక్కించారు. ఆమె రైలెక్కడం అదే మొదటిసారి. బండి కదలగానే "అమ్మో అమ్మో" అని నన్ను పట్టుకుంది. కాస్త దూరం పోయాక చెయ్యి వదిలి, కిటికీలోంచి తల బయటపెట్టింది. పట్టాల పక్కన గొర్రెలు కాసేవాడు కనబడితే చాలు, చెయ్యి ఊపుతూ అరిచేది.

"ఒరే అబ్బీ! బావికాడ సూది ఏస్తారు, ఏయించుకోండ్రా! బాగా అరవండి!"