సరంగుకు తెలియని మూల

సరస్సు పరిశోధన కేంద్రానికున్న ఒకే ఒక్క పడవను ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్న మనిషిని అందరూ సరంగు అనే పిలుస్తారు. నీళ్ల గురించి లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లలో సగం మంది కాళ్లు తడుపుకోనివాళ్లేనని నా అనుమానం. ఇతనికి చదువు అంతంతమాత్రం, తడవని రోజంటూ లేదు.

ఆ ఏడాది కేంద్రం పెద్ద మేడం సరస్సు ఉత్తరపు కొసకు పది రోజుల పరిశోధన యాత్రకూ, కొత్త యంత్రాలకూ నిధులడిగారు. రాకపోతే పడవ ఒడ్డెక్కుతుంది, సరంగు గేటు దగ్గర కాపలా కుర్చీ ఎక్కుతాడు. చూసి తేల్చడానికి నిధులిచ్చే కమిటీ పెద్దాయన వస్తున్నారని తెలిసి, పొద్దున్నే సరంగును అతని భార్య హెచ్చరించింది.

"ఆయన ముందు గొప్పలు పోకండి."

"నేనెప్పుడు పోయాను?"

"మొన్న మా తమ్ముడికి జ్వరమొస్తే డాక్టరుకే మందు చెప్పారు."

సరస్సు నడుమ పెద్దాయన పడవలోని లోతు కొలిచే యంత్రం చూసి, "పదకొండు మీటర్లా?" అన్నారు.

"పదమూడండి," అన్నాడు సరంగు చుక్కాని వదలకుండానే. "అది ముసలిదైపోయింది. అడుగున నాచు దట్టంగా ఉంటే దాన్నే నేలనుకుంటుంది."

పెద్దాయనకు సరదా పుట్టింది. గుండు కట్టిన తాడు దింపించారు. పదమూడే. ఇంకో మూడు చోట్లా సరంగు మాటే నిలిచింది.

"ఇంతటి మనిషి ఉండగా కొత్త యంత్రాలూ యాత్రలూ ఎందుకమ్మా?" అని నవ్వుతూనే ఫైలు మూసేశారు. మేడం మొహం వాడిపోయింది.

సరంగు ఇంజను ఆపేశాడు. కాసేపు మెడ గోక్కున్నాడు.

"అయ్యా, ఉత్తరాన ఆ రెల్లు దాటి నేనెప్పుడూ పోలేదండి. పడవ ఇంజను పంకాకి చుట్టుకుంటుంది. మ్యాపులో ఆ మూల లోతు అంకెలు నేను ఇక్కణ్ణుంచి చూసి ఉజ్జాయింపుగా చెప్పినవే."

"పదేళ్లుగా నేను వాటితోనే పాఠాలు చెబుతున్నాను కదయ్యా," అన్నారు మేడం.

"మీరడిగారు. తెలీదనడానికి నోరు రాలేదు మేడం."

పెద్దాయన ఫైలు మళ్లీ తెరిచి, మ్యాపులో ఆ మూల చుట్టూ పెన్సిలుతో గీత గీసి, 'కొలవలేదు' అని రాసుకున్నారు.

నెల తిరక్కుండా నిధులొచ్చాయి. రెల్లులో దూరగల చిన్న పడవ, కొత్త యంత్రం కొన్నారు. వారం రోజులు సరంగుతో మాట్లాడని మేడం, యాత్ర రోజున యంత్రం అతని ఒళ్లో పెట్టి, "చూసి చెప్పండి," అన్నారు, అంతే.

రెల్లు దాటాక అతను కళ్లు చికిలించి చదివాడు. "రెండున్నర."

ఏటా అతను చెబుతూ వచ్చింది ఆరు.

"రాసుకోండి మేడం," అన్నాడు.