పెద్ద డ్రమ్ము మీద సూర్యుడు

ఈమధ్య పాలకొల్లులో ఒక పెళ్లి ఊరేగింపు ఎదురైతే, బ్యాండు వాళ్ల పెద్ద డ్రమ్ము మీద అంచు చుట్టూ అక్షరాలు, మధ్యలో సూర్యుడు ఉన్న ఆ పాత గుర్తే కనిపించింది. పక్కనున్న కోడలితో అలవాటు కొద్దీ అది నేను వేసిందే అనేశాను. పాతికేళ్లుగా చెబుతున్న ఆ మాటను ఇకమీదట ఎవరూ నమ్మకూడదనే ఇది రాస్తున్నాను.

క్యాసెట్ల రోజులవి. శాఖా గ్రంథాలయంలో అక్షరాల గురించి, రంగుల గురించి ఉన్న పుస్తకాలన్నీ నోట్సు రాసుకుంటూ చదివినవాణ్ణి నేను. ఏడో తరగతితో బడి మానేసి లారీలకు నంబర్లు వేసినవాడు మా మేనమామ కొడుకు. ఇద్దరం ఒకే షెడ్డులో బోర్డులు రాసేవాళ్లం. స్కేలు లేకుండా వాడు గీసిన గీత, స్కేలు పెట్టి నేను గీసినదానికంటే తిన్నగా ఉండేది. చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

బ్యాండు మాస్టారు క్యాసెట్టు వేయిస్తూ, డ్రమ్ముకీ క్యాసెట్టు అట్టకీ ఒకే గుర్తు కావాలన్నారు. గుర్తు నడిమధ్యన ఉండాలని చదివాను కనుక డ్రమ్ము నడిమధ్యన నెమలిని వేశాను. కర్ర పడేదీ అక్కడేనని తట్టలేదు. మాఘమాసం ముహూర్తాలు అయ్యేసరికి నెమలికి తల లేదు.

"తమరి నెమలి మెడ దాకే మిగిలిందండి," అన్నారు మాస్టారు, నవ్వకుండా.

మావాడు రెండు ఊరేగింపుల వెంట నడిచి చూసొచ్చి, బ్యాండు పేరును అంచు వెంబడి రాసి మధ్యభాగం ఖాళీగా వదిలేశాడు. దెబ్బలకు అక్కడ గోధుమరంగు మచ్చ పడ్డాక, దాని చుట్టూ సన్నగా కిరణాలు గీశాడు. వాయించిన కొద్దీ ముదిరే సూర్యుడు! అలాంటి ఆలోచన నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉండి ఉంటే అంత అసూయ పడేవాణ్ణి కాదేమో.

అదే సూర్యుడితో క్యాసెట్టు అట్ట ప్రూఫు దిద్దడానికి, చదువుకున్నవాణ్ణని నన్నే రాజమండ్రి ప్రెస్సుకు పంపారు. బొమ్మ ఎవరిదని అడిగితే నా పేరు చెప్పాను. క్యాసెట్టు వచ్చాక మావాడు అట్టను తిప్పి చూసి, నా పేరు మీద వేలు ఆపాడు.

"అక్షరాలు బాగా పడ్డాయి బావా," అన్నాడు.

అంతే. కొన్నాళ్లకు జంగారెడ్డిగూడెం వెళ్లి బస్సులకు ఊళ్ల పేర్లు రాసుకున్నాడు గాని మళ్లీ ఏ మేళానికీ కుంచె పట్టలేదు.

ఇప్పుడా సూర్యుణ్ణి స్టిక్కరుగా అంటిస్తున్నారు. ఎంత కొట్టినా ముదరడు. పుస్తకాలు ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, పని ఇచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు. మూడో మనిషికి కృతజ్ఞత చెప్పుకునే ముఖం నాకు లేదు. ఆ అట్ట మీద అచ్చు కావలసిన మాటలు మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను.

బొమ్మ: సత్తిబాబు.