మాట్లాడకుండా ఉండవలసిన గంట

ఉదయం 5.35కు జగ్గయ్యపేటలో బయలుదేరిన అద్దె కారు 6.10కి నందిగామలో మా ఇంటి ముందు ఆగింది. ఆ దూరం 28 కిలోమీటర్లు. మా ఇంటి నుంచి విజయవాడలోని ఆసుపత్రి గేటు వరకు మరో 51. అన్నయ్య తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకుని, మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. స్కానుకు ఆరు గంటల ముందు నుంచి కడుపు ఖాళీగా ఉండాలి. ఏటా రంజాన్ నెలంతా రోజా ఉపవాసాలుండే మనిషికి అదొక లెక్కలోకి రాలేదు. 7.45కు మందు ఎక్కించారు, 8.45కు స్కాన్ తీశారు. నేను పొరపాటు చేసింది ఆ మధ్యలోని అరవై నిమిషాల్లో.

అన్నయ్యకు అప్పటికి యాభై నాలుగేళ్లు. జగ్గయ్యపేటలో లారీ బుకింగ్ ఆఫీసు నడిపేవాడు. మిర్చికైనా సిమెంటుకైనా పత్తికైనా, ఏ బండి ఎక్కడ ఖాళీగా ఉందో కనుక్కుని ఫోనులోనే బేరం కుదిర్చేవాడు. ఆ వ్యాపారానికి పెట్టుబడి గొంతే. మూడు నెలలు తగ్గని బొంగురుకు పరీక్షలు చేయిస్తే స్వరపేటికలో ఎడమవైపు క్యాన్సర్ అని తేలింది. రెండు విడతల కీమోకు గడ్డ బాగా లొంగితే రేడియేషన్ ఇచ్చి గొంతును నిలబెట్టవచ్చని, లొంగకపోతే స్వరపేటికను పూర్తిగా తీసేయక తప్పదని డాక్టర్లు చెప్పారు. ఆ రెండింటిలో ఏ దారో తేల్చవలసింది కీమో అయ్యాక తీసే ఈ స్కానే.

అది పనిచేసే తీరు నాకు అర్థమైనంతలో చెబుతాను. చక్కెర లాంటి ఒక పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికతను జతచేసి రక్తంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా తినే కణాలు తెర మీద వెలుగుతాయి. క్యాన్సర్ కణాలు బాగా తింటాయి. ఆ వెలుగుకు ఒక అంకె వేస్తారు. కీమోకు ముందు అన్నయ్య ఎడమవైపు అంకె 14.2. అది ఎంత పడిపోయిందన్నదాన్ని బట్టి ఇకపై వైద్యం ఎలా పనిచేస్తుందో అంచనా వేస్తారు.

నా ఉద్యోగం సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో. పొడి నమూనా మీదికి ఎక్స్‌రేలు పంపి, సున్నం ఎంత, సిలికా ఎంత అని చూస్తాను. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను: అంకె తేడాగా వస్తే ముందు యంత్రాన్ని కాదు, నమూనా తయారుచేసిన చేతిని అనుమానించండి.

మందు ఎక్కించిన తర్వాత రోగి ఒక్కడే ఒక గదిలో కూర్చోవాలి. నర్సు తలుపు దగ్గర స్పష్టంగానే చెప్పింది.

"గంటసేపు కదలొద్దండి, మాట్లాడొద్దండి."

అది విశ్రాంతి కోసం చెప్పే మాట అనుకున్నాను. అన్నయ్య చెయ్యి చాపాడు.

"ఆ ఫోనిటివ్వవే. మనవాళ్లు చేస్తారు. ఎత్తకపోతే ఏదో అయిందనుకుంటారు."

"మాట్లాడొద్దన్నారు కదా అన్నయ్యా?"

"మాట్లాడనులే. బాగున్నానని చెప్పి పెట్టేస్తా."

ఇచ్చాను. ఆసుపత్రికి వెళ్లినవారిని ఆ రోజే పలకరించకపోవడం మా వైపు తప్పు. పలకరించినవారికి జవాబివ్వకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

11.20కి స్కాన్ చదివే డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. తెర మీద గొంతులో రెండు వెలుగులున్నాయి. ఎడమవైపు 8.6, కుడివైపు 8.1. కుడివైపు అంతకుముందు రోగమే లేదు. రోగం అటువైపుకూ పాకిందనుకున్నాను. ఆమె మాత్రం తెర వదిలి అన్నయ్య వైపు తిరిగింది.

"లోపల ఎవరితోనైనా మాట్లాడారా?"

"లేదండి. ఊరికే బాగున్నానని చెప్పానండి."

"ఎంతమందికి?"

అన్నయ్య ఫోన్ తీసి చూశాడు. "తొమ్మిది మందికండి. ఒకాయనకు మాత్రం చిల్లకల్లు నుంచి బండి కూడా కుదిర్చా."

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వి, తర్వాత నెమ్మదిగా వివరించింది. మాట్లాడితే స్వరపేటిక కండరాలు పనిచేస్తాయి, పనిచేసే కండరం కూడా చక్కెర తింటుంది. "ఈ వెలుగులో రోగమెంతో మాటలెంతో నేను విడదీయలేనండి. ఇదే నివేదిక పంపితే కీమోకు లొంగలేదనుకుని ఆపరేషన్ అంటారు. మంగళవారం మళ్లీ రండి. ఆ గంట నోరు విప్పకూడదు."

తిరుగు ప్రయాణంలో కంచికచర్ల దాటేదాకా ల్యాబులో నేను చెప్పే మాటే గుర్తొచ్చింది. నమూనాను చెడగొట్టిన చెయ్యి నాదే.

ఆ సాయంత్రం చుట్టాల గ్రూపులోను, అన్నయ్య లారీల గ్రూపులోను ఒకే సందేశం పెట్టాను: మంగళవారం ఉదయం ఏడు నుంచి పది వరకు దయచేసి అన్నయ్యకు ఎవరూ ఫోన్ చేయవద్దు, తను మాట్లాడితే స్కాన్ తప్పుగా వస్తుంది, దాన్ని బట్టే గొంతు ఉంచాలో తీయాలో తేలుస్తారు. రెండు నిమిషాల్లో నా ఫోన్ మోగింది. చందర్లపాడు బాబాయి.

"ఏమ్మా, వాడికి చెయ్యొద్దన్నావని నీకు చేస్తున్నా. అంత గట్టిగా చెప్పాలంటే వాడికి ఇంకేదో అయిందేమోనని..."

"ఏం కాలేదు బాబాయ్. మంగళవారం మాత్రం చెయ్యొద్దు."

"నేను చెయ్యనమ్మా. మీ పిన్ని సంగతి చెప్పలేను."

మంగళవారం అదే గది, అదే నర్సు. ఈసారి అన్నయ్య ఫోన్ నా ఒళ్లో ఉంది. ఆపేయడానికి తను ఒప్పుకోలేదు. ఎవరైనా చేస్తే నువ్వే జవాబు చెప్పు అన్నాడు. మందు ఎక్కించింది 7.50కి. రోజుకు వందసార్లు మోగే ఫోను. ఎనిమిదయింది, ఎనిమిదిన్నర అయింది. 8.52కు తనను స్కాన్ గదిలోకి తీసుకెళ్లేవరకు, అరవై రెండు నిమిషాలు, ఒక్కసారి కూడా మోగలేదు. రోడ్డు మీద బళ్లు ఆగిపోయి ఉన్నవాళ్లూ, సరుకు ఎండలో పెట్టుకుని కూర్చున్నవాళ్లూ, పిన్నితో సహా, అందరూ ఓర్చుకున్నారు. అంతమంది ఒక మనిషి కోసం ఊరుకోవడం నేను అంతకుముందు చూడలేదు. 10.01కి బాబాయి చేశాడు.

"పది దాటిందిగా. ఇప్పుడు పలకరించొచ్చా?"

ఎడమవైపు అంకె 4.1. కుడివైపు వెలుగు లేదు.

"గొంతు తప్పకుండా ఉంటుందని నేను రాసివ్వలేనండి," అంది డాక్టరమ్మ. "రేడియేషన్ పనిచేసే అవకాశం బాగుందని మాత్రం రాస్తా." బొమ్మను నమ్మి ఊరుకోకుండా, బొమ్మలోని మనిషిని ఒక ప్రశ్న అడిగినందుకు ఆమెకు దండం పెట్టాను. ఆ వారమే డాక్టర్లు రేడియేషన్ ఇవ్వాలని నిర్ణయించారు.

రెండేళ్లయింది. చివరి స్కానులో గడ్డ లేదు. అన్నయ్య స్వరపేటిక అన్నయ్యకే ఉంది.

అయిన ఖర్చు: సర్కారు పథకం కిందికి రాక మేమే కట్టుకున్న అదనపు స్కాన్ ఒకటి, అన్నయ్య మా ఇంట్లో ఉండి వెళ్లివచ్చిన రేడియేషన్ రోజులు ముప్పై అయిదు, రోజుకు 102 చొప్పున 3,570 కిలోమీటర్లు, నేను పెట్టిన సెలవులు పంతొమ్మిది. పోయినవి: బరువు పదమూడు కిలోలు (అందులో తిరిగి వచ్చింది ఆరు), రేడియేషన్‌కు ముందు తీసేసిన దవడ పళ్లు నాలుగు, లాలాజలం సగానికి పైగా, కారం రుచి పూర్తిగా, బుకింగ్ ఆఫీసులో ఉదయం పూట తప్ప మిగిలిన పనిగంటలు, వరసగా ఇరవై నిమిషాలు మాట్లాడిన తర్వాత గొంతు.